అప్‌డేట్: ఇన్ఫోగ్రాఫిక్స్ చూసి మార్కెటింగ్ నేర్చుకోవచ్చా అని అడిగాను కదా

దసరా ముందు అడిగాను, మా ఇంట్లో నేసే గద్వాల చీరలు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మాలి, కోర్సుకు డబ్బుల్లేవు, బొమ్మలూ కొద్ది మాటలతో విషయం చెప్పే ఇన్ఫోగ్రాఫిక్స్‌తో పని నడుస్తుందా అని. సగం నడుస్తుంది.

రీచ్ అంటే పోస్టును ఎంతమంది చూశారు, ఇంప్రెషన్స్ అంటే మొత్తం ఎన్నిసార్లు కనబడింది. ఈ తేడా ఎన్ని వీడియోలు చూసినా ఎక్కలేదు, ఒక్క బొమ్మతో ఎక్కింది, ప్రింట్ తీసి మగ్గం పక్కన గోడకు అంటించాను. కానీ ఫలానా టైముకే పోస్ట్ చేయాలనే చార్టులు నమ్మకండి, అవి ఏ దేశం లెక్కలో ఏమో. నా అకౌంట్ ఇన్‌సైట్స్ అంటే ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే లెక్కలు చూస్తే మనవాళ్లు రాత్రి అన్నం తిన్నాకే ఎక్కువ కనబడుతున్నారు.

అసలు నేర్చుకున్నది నేనే ఒక ఇన్ఫోగ్రాఫిక్ తయారు చేసినప్పుడు. నూలు బాడీ, పట్టు అంచు, ఆ రెండు పోగులూ కలిసే చోట అమ్మ వేలు పెట్టి చూపిస్తున్న ఫోటో, పక్కన నాలుగు ముక్కల వివరం, 1080×1350 సైజు. మొదట అక్షరాలు చిన్నగా పెడితే అమ్మ ఫోన్ దూరంగా పట్టుకుని "ఏం కనబడతలేదు బిడ్డా" అంది, వెంటనే పెద్దవి చేశాను. ఆ పోస్టును చాలామంది సేవ్ చేసుకున్నారు, మహబూబ్‌నగర్ నుంచి ఒక అక్క ఫోన్ చేసి, ఆ అంచు గురించే అడిగి అడిగి, రెండు చీరలు తీసుకుంది. కాన్వా అనే డిజైన్ యాప్ ఫ్రీ వెర్షన్‌లోనే చేశాను.