ఆపరేషన్ తర్వాత చెయ్యి వాపు: పర్లాకిమిడి చుట్టుపక్కల ఎవరికి చూపించాలి?

మాది పర్లాకిమిడి. అమ్మకి విశాఖలో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేసి, చంకలో లింఫు గ్రంథులు కూడా తీశారు. కుట్లు మానాయి. కానీ సాయంత్రానికి ఎడం చెయ్యి బరువెక్కిపోతోంది. గాజులు మణికట్టులోకి దిగి గీతలు పడుతుంటే తీయించేశాం. జ్వరం, ఎరుపు లేవు. వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా రమ్మన్నారు. ఆ చేతికి సూదులు, బీపీ పట్టీ వద్దంటున్నాం.

చుట్టాలేమో చెయ్యి కదపొద్దంటారు. డాక్టరు మాత్రం భుజం పట్టేస్తుంది, గోడ మీద వేళ్లు పాకించమన్నారు. నేను డాక్టరు వైపే.

లింఫెడీమాకి (లింఫు గ్రంథులు తీశాక చేతిలో ద్రవం చేరి వచ్చే వాపుకి) కొలత తీసి కంప్రెషన్ స్లీవ్ (చేతికి బిగుతుగా వేసుకునే తొడుగు) ఇచ్చేవాళ్లు, మసాజ్ నేర్పే ఫిజియోథెరపిస్టులు బరంపురంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఉన్నారా? తెలుగు వచ్చినవాళ్లయితే మరీ మంచిది, అమ్మకి ఒడియా అంతంతమాత్రం. కొలత లేకుండా ఆన్‌లైన్‌లో కొనాలంటే భయంగా ఉంది.