హెన్రీ డేవిసన్: బ్యాంకరు చేతికి రెడ్‌క్రాస్ ఇవ్వడం సబబేనా?

కాలక్షేపం: ఈమధ్య హెన్రీ డేవిసన్ గురించి చదివాను. న్యూయార్క్‌లో జె.పి.మోర్గాన్ కంపెనీ భాగస్వామి. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన నెలకే, 1917 మేలో, అధ్యక్షుడు విల్సన్ ఆయన్ని అమెరికన్ రెడ్‌క్రాస్ యుద్ధ మండలికి అధిపతిని చేశాడు. జూన్‌లో ఒక్క వారంలో 10 కోట్ల డాలర్లు కావాలని అడిగితే జనం అంతకన్నా ఎక్కువే ఇచ్చారు. 1919లో రెడ్‌క్రాస్ సంఘాలన్నిటికీ కలిపి ఒక లీగ్ పెట్టించిందీ ఆయనే. బ్యాంకరు చేతిలో సేవా సంస్థ పెట్టడం మంచిదేనంటారా?

సూటిమాట: కాదు. నేను పనిచేసిన స్వచ్ఛంద సంస్థకి బ్యాంకు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వచ్చీ రాగానే తలకి ఎంత ఖర్చవుతోందని లెక్క తీయించి, ఏజెన్సీ ఊళ్ళలో కేంద్రాలు మూయించాడు, ఎందుకంటే అక్కడికి జీపు పోవాలంటే డీజిలు ఎక్కువట. మాలో సగంమందిని ఇంటికి పంపాడు. మీ డేవిసన్ కూడా అంతే అయ్యుంటాడు.

రిటైర్డ్‌మేనేజర్: అయ్యుంటాడు అంటే కుదరదు బాబూ. మీ ఉద్యోగం పోయిందని వందేళ్ళ కిందటి మనిషిని తిడితే ఎలా? యుద్ధ మండలిలో ఆయన జీతం తీసుకోకుండా పనిచేశాడు.

తెనాలిరాముడు2: రెడ్‌క్రాస్ పెట్టింది హెన్రీ డ్యూనాంట్, 1863, జెనీవా. దయచేసి సరిచేయండి.

కాలక్షేపం: నేను లీగ్ అన్నానండీ, రెడ్‌క్రాస్ అనలేదు.

సూటిమాట: జీతం ఎందుకు, వాళ్ళ కంపెనీ 1915 నుంచీ బ్రిటన్‌కీ ఫ్రాన్స్‌కీ అమెరికాలో సరుకు కొనిపెట్టి కమిషన్ తిన్నది. 50 కోట్ల డాలర్ల అప్పు పుట్టించింది. ఆ అప్పు తీరాలంటే వాళ్ళు గెలవాలి. అలాంటివాడు గాయాలకి కట్లు కడతానంటే నమ్మాలా?

రిటైర్డ్‌మేనేజర్: మరి ఎవరు కట్టాలి? మందులు, ఓడలు, అంబులెన్సులు మంచి మనసుతో వస్తాయా? ముప్పై ఏళ్ళు కౌంటర్ వెనక కూర్చున్నాను, ఎన్ని ట్రస్టుల ఖాతాలు చూశానో. మనసులు వెన్నే, ఓచర్లు మాత్రం ఉండవు. ఆడిట్ అనగానే కన్నీళ్ళు.

తెనాలిరాముడు2: డ్యూనాంట్ పేరు ఇంకా మొదటి పోస్టులో లేదు.

రిటైర్డ్‌మేనేజర్: ఆ డ్యూనాంట్ సంగతీ చెబుతా వినండి. ఆయన సంబంధం పెట్టుకున్న జెనీవా బ్యాంకు 1867లో మునిగింది, ఆయన దివాలా తీశాడు, రెడ్‌క్రాస్‌కి మూలమైన ఆయన సొంత జెనీవా కమిటీయే బయటికి పంపించింది. దయ ఉంటే చాలనేవాళ్ళకి ఇదే జవాబు.

తెనాలిరాముడు2: మొదటి నోబెల్ శాంతి బహుమతి 1901లో ఫ్రెడెరిక్ పాసీతో కలిపి ఆయనకి వచ్చింది. మరి మీ మోర్గాన్ మనిషికి?

కొత్తసభ్యురాలు: మా స్కూల్లో ఏటా రెడ్‌క్రాస్ ఫీజు కట్టించుకునేవాళ్ళు, అది ఈ లీగ్‌దేనా?

సూటిమాట: ఓచర్లు ఓచర్లు అని గోల. మీలాంటివాళ్ళ వల్లే మా ఊళ్ళో పిల్లలకి మందు అందలేదు.

రిటైర్డ్‌మేనేజర్: నోరు జాగ్రత్త. నేను మూయించానా మీ కేంద్రం?

కాలక్షేపం: ఇద్దరూ ఆగండి. వ్యక్తిగతంగా వద్దు.

సూటిమాట: సరే, నా ఉద్యోగం గొడవ వదిలేస్తా. అసలు బాధ ఇది. లీగ్ మొదట పెట్టినప్పుడు అందులో ఎవరున్నారు? అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ, జపాన్. అంతే, గెలిచినవాళ్ళు. జర్మనీ, ఆస్ట్రియాలని రానివ్వలేదు. అందర్నీ సమానంగా చూడాలన్న మూలసూత్రమే పోతోందని జెనీవా కమిటీ అభ్యంతరం చెప్పింది కూడా. ఆకలికి గెలుపోటములుంటాయా? ఖర్చు ఎక్కువని ఏజెన్సీ ఊరిని వదిలేసినవాడూ, ఓడిపోయిందని ఒక దేశాన్ని వదిలేసినవాడూ నాకు ఒకటే.

రిటైర్డ్‌మేనేజర్: అది అన్యాయమే, కాదనను. కానీ అప్పుడే యుద్ధం ఆగింది, కొడుకులు పోయిన తల్లులే విరాళాలిచ్చారు. వాళ్ళ డబ్బు జర్మనీకి పంపుతానంటే పైసా వచ్చేది కాదు. ఇచ్చేవాళ్ళ మాట కాదని ఎంతదూరం పోగలడు? పైగా ఐదుగురితో మొదలైన ఆ లీగే ఇవాళ్టి రెడ్‌క్రాస్ సంఘాల అంతర్జాతీయ ఫెడరేషన్, ఓడినవాళ్ళూ తర్వాత వచ్చి చేరారు.

సూటిమాట: అదే నేనంటున్నా. ఇచ్చేవాడి మాటే చెల్లుతుందంటే అది బ్యాంకే, సేవ కాదు.

రిటైర్డ్‌మేనేజర్: ఇచ్చేవాడే లేకపోతే మీ సేవ దేనితో చేస్తారు స్వామీ?

తెనాలిరాముడు2: కొత్తసభ్యురాలు గారూ, మీ ఫీజు ఇండియన్ రెడ్‌క్రాస్‌ది అయ్యుంటుంది. అది 1920 చట్టంతో ఏర్పడింది. లీగ్ వేరు. డ్యూనాంట్ కమిటీ ఇంకా వేరు. ఇప్పటికైనా సరిచేస్తారా?