భోజనం తర్వాత ఒకటి, రెండు తరగతుల పిల్లలు కుదురుగా ఉండటం లేదు

టెక్కలి దగ్గర ఊళ్లో ఒకటి, రెండు తరగతులు కలిపి 23 మందికి నేనొక్కదాన్నే చెబుతున్నాను. పొద్దున చక్కగా వింటారు. మధ్యాహ్న భోజనం అయ్యాక ఒంటిగంటన్నర నుంచి అరగంట పాటు తోపులాటలు, పలకలు లాక్కోవడాలు, ‘టీచర్, వీడు గిల్లాడు’ అని ఒకటే ఫిర్యాదులు.

గోడ మీద నక్షత్రాల చార్టు పెట్టాను. వారం బాగానే పనిచేసింది. తర్వాత ఒక్క నక్షత్రమూ రాని బాబు చార్టులో తన పేరును గోరుతో గీకేశాడు. మనసు చివుక్కుమని ఆ రోజే తీసేశాను. కూర్చునే చోట్లు మార్చాను. చప్పట్ల ఆట ఆడిస్తే రెండు నిమిషాలే నిశ్శబ్దం. కొట్టడం మాత్రం చెయ్యను. 2009 విద్యాహక్కు చట్టం వద్దందని కాదు, నాకే మనసు రాదు.

ఎవరినీ చిన్నబుచ్చకుండా, భోజనం తర్వాత మొదటి పది నిమిషాల్లో ఈ వయసు పిల్లల్ని కుదుటపరచడానికి మీ తరగతిలో ఏ పద్ధతి పనిచేసింది?