కీర్తన 127:2 ‘వారికిచ్చుచున్నాడు’: ఏమిస్తున్నాడు?

ప్రశ్న

అందరికీ వందనాలు. పాత అనువాదంలో ఈ వచనం ఇలా ఉంది: “మీరు వేకువనే లేచి చాలరాత్రియైన తరువాత పండుకొనుచు కష్టార్జితమైన ఆహారము తినుచునుండుట వ్యర్థమే. తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు.” చివరి వాక్యంలో ఇచ్చేవాడున్నాడు, పుచ్చుకొనేవారున్నారు, ఇచ్చే వస్తువు మాత్రం లేదు. కొన్ని ఇంగ్లీషు బైబిళ్లలో నిద్రనే ఇస్తాడని ఉంది. ఆదివారం సంఘంలో చదివి వివరించాలి. ఏ అర్థం చెప్పాలి?

జవాబు

వందనాలు బ్రదర్. హెబ్రీలో ఆ ముక్క నాలుగే మాటలు: కేన్, యిత్తేన్, లీదీదో, షేనా. అలాగే, ఇస్తాడు, తన ప్రియునికి, నిద్ర. చిక్కంతా ఆఖరి మాటతోనే. ‘షేనా’ను కర్మగా తీసుకుంటే “నిద్రనిస్తాడు” అవుతుంది. గ్రీకు పాత నిబంధన, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు ఆ దారిలో వెళ్లాయి. దాన్నే క్రియావిశేషణంగా తీసుకుంటే “నిద్రలో ఇస్తాడు”. లూథర్ జర్మన్ అనువాదం ఈ దారిది, మన తెలుగూ ఇదే. వ్యాకరణం రెండింటికీ చోటిస్తుంది, కాబట్టి ఒకటి తప్పని వేదిక మీద అనకండి.

తెలుగు వాక్యంలో కర్మ లేకపోవడం లోపం కాదు. ముందు వాక్యంలో వచ్చిన మాటను మళ్లీ చెప్పకపోవడం మన భాష అలవాటే. “వాడు అన్నం అడిగాడు, అమ్మ పెట్టింది” అంటే ఏం పెట్టిందని ఎవరూ అడగరు. ఇక్కడా ‘ఆహారము’ పై వాక్యంలోనే ఉంది. వాళ్లు రాత్రింబగళ్లు తంటాలు పడి తినేదాన్నే ఈయన నిద్రపోతున్నవారికి ఇస్తున్నాడు. అందుకే రెండో వాక్యాన్ని విడిగా కోసి గోడ మీద రాస్తే అర్థం చెడుతుంది. ఏదో పెద్ద ఆస్తి నిద్రలో ఊడిపడుతుందన్నట్టు వినబడుతుంది.

మరో జవాబు

పై మాటకు ఒకటి కలుపుతాను. ‘ప్రియులు’ అని తెలుగులో బహువచనం, గ్రీకులోనూ అంతే, హెబ్రీలో ఏకవచనం. ‘యదీద్’ అంటే ప్రియుడు. ఈ యాత్రకీర్తన పైన సొలొమోను పేరుంది, 2 సమూయేలు 12:25లో అతనికి పెట్టిన పేరు యదీద్యా. ఆ పేరు ఈ వచనంలో మోగుతోందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. వివరణలో ఒక్క వాక్యం చాలు, అంతకంటే లాగితే అసలు సంగతి జారిపోతుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ‘కష్టార్జితమైన’ అన్న మాట. ఇప్పటి తెలుగులో కష్టార్జితం గౌరవమైన మాట. ఒళ్లు వంచి సంపాదించినది, ఒకరి సొమ్ముకు ఆశపడనిది అని అర్థం. దాన్ని ‘వ్యర్థమే’ అనగానే రోజంతా పని చేసుకొని గుడికి వచ్చినవారి మనసు చివుక్కుమంటుంది. హెబ్రీలో ఉన్నది ‘లెహెమ్ హా అత్సావీమ్’, అంటే వేదనల రొట్టె. ఆదికాండము 3:17లో “ప్రయాసముతోనే” అన్నచోట ఉన్న మాటకు ఇది దగ్గరి చుట్టం. శాపం బరువు మోస్తూ తినే ముద్ద అన్నమాట. కీర్తన పనిని తప్పు పట్టడం లేదు. మొదటి వచనంలో ఇల్లు కట్టేవారున్నారు, కావలి కాసేవారున్నారు, వారిని మానుకోమనలేదు. సోమరిని సామెతలు 6:9 నిద్రలేపుతుంది, అది వేరే పాఠం. ఈ ఒక్క మాట వివరించకుండా దయచేసి ముందుకు వెళ్లకండి.

అడిగినవారు

చాలా మేలు చేశారు అక్కా. దీనికి జతగా మత్తయి 11:28, అంటే “నేను మీకు విశ్రాంతి కలుగజేతును” అన్న యేసు మాట, చదవొచ్చా? సమాధి పలకల మీద కూడా “తన ప్రియులు నిద్రించుచుండగా” కనిపిస్తుంది, అది సరేనా?

జవాబు

సమాధి సంగతి ముందు. సంఘ తెలుగులో ‘నిద్రించారు’ వేరు, ‘నిద్రపోయారు’ వేరు. “ప్రభువునందు నిద్రించారు” అంటే చనిపోయారనే. ఆ అలవాటు చెవితో ఈ వచనం వింటే మరణంలా తోస్తుంది. కీర్తనలోది మాత్రం మామూలు రాత్రి నిద్ర. యోహాను 11లో శిష్యులు దీనికి ఎదురుగా పొరపడ్డారు. యేసు లాజరు మరణం గురించి చెబితే వారు ‘నిద్ర విశ్రాంతి’ అనుకున్నారు. పలక మీదికి 1 థెస్సలొనీకయులు 4:14 సరిగ్గా అతుకుతుంది, “యేసునందు నిద్రించినవారిని” అని అక్కడ స్పష్టంగా ఉంది.

మత్తయి 11:28 చదవండి, కానీ అక్కడి ‘విశ్రాంతి’ని నిద్రకు కుదించవద్దు. గ్రీకు క్రియ ‘అనపావో’. అదే క్రియ మార్కు 6:31లో “అలసట తీర్చుకొనుడి” అయింది, గెత్సేమనేలో మత్తయి 26:45లోనూ అంతే, ప్రకటన 14:13లో మళ్లీ “విశ్రాంతి”. అనువాదకులు ఒళ్లు అలసిన చోట ఇంటి మాట వాడారు. ఎంత చక్కని ఎంపికో! హెబ్రీయులు 4:9లో దీనికి తిరగబడింది కథ. అక్కడున్నది ‘సబ్బతిస్మోస్’, కొత్త నిబంధనలో ఒక్కసారే వచ్చే మాట, సబ్బాతు ఆచరణ అని అర్థం. తెలుగులో అదీ ‘విశ్రాంతి’లోనే కలిసిపోయింది.

మరో జవాబు

చదివే తీరు: ‘వ్యర్థమే’ దగ్గర ఎక్కువసేపు ఆగవద్దు, ఆహారమన్న మాట చెవిలో ఉండగానే రెండో వాక్యం అందుకోవాలి. ‘తన ప్రియులు’ తర్వాత విరగ్గొట్టకండి, ‘నిద్రించుచుండగా’ తర్వాత ఆగండి. వడిగా చదివితే ‘వారికిచ్చుచున్నాడు’లో ‘కి’ మింగుడు పడిపోతుంది, ‘వారికి ఇచ్చుచున్నాడు’ అని విడదీసినా తప్పులేదు.

వాడుక మాటల్లో చెప్పాలంటే: “తెల్లవారకముందే లేచి, పొద్దుపోయేదాకా మేలుకొని, ఆందోళనతో ముద్ద మింగడం వృథా. ఆయన ప్రేమించినవారు నిద్రలో ఉండగానే వారికి కావలసింది ఇస్తున్నాడు.”

మరో జవాబు

‘ఆందోళన’ ఒట్టి మనసు సంగతి. మూలంలోని మాటలో ఒంటి శ్రమ కూడా ఉంది. ‘ఆయాసపడుతూ’ అంటే రెండూ వస్తాయి. ‘కావలసింది’ మూలంలో లేదు, దాన్ని వివరణలో ఉంచండి, చదువులో వద్దు.

అడిగినవారు

‘ఆయాసపడుతూ’ అని రాసుకున్నాను, ‘కావలసింది’ తీసేశాను. వాడుక మాటల్లో చెప్పేటప్పుడు “ఆ ఆహారమే ఇస్తున్నాడు” అని పై మాటను తిరిగి పలుకుతాను.