పత్రిక విమర్శకు కాలనీ అగ్నిమాపక బృందం ఇచ్చిన జవాబు సబబేనా?

తార్నాక పరిశీలకుడు:
హైదరాబాద్‌లో మా పక్క కాలనీలో కొందరు యువకులు, ఒకరిద్దరు విశ్రాంత ఉద్యోగులు కలిసి ఒక స్వచ్ఛంద అగ్నిమాపక బృందాన్ని నడుపుతున్నారు. గత నెలలో అక్కడి ఒక అపార్టుమెంటు కింది భాగంలో ఉన్న పరుపుల గోదాములో మంటలు రేగినప్పుడు ప్రభుత్వ ఫైరింజన్ కన్నా ముందు చేరుకున్నది వారే. ఎవరి ప్రాణమూ పోలేదు. అయినా రెండు రోజుల తరువాత ఒక దినపత్రిక జోన్ పేజీలో, అంటే స్థానిక వార్తల పేజీలో, వారిని తప్పుబడుతూ వార్త వచ్చింది. ఫైరింజన్ రాకముందే గోదాము షట్టర్ ఎత్తి మంటను పెంచారని, శ్వాస పరికరాలు లేకుండా లోపలికి వెళ్లారని, బృందం వాహనాన్ని సందులో అడ్డంగా నిలిపారని ఆ వార్త ఆరోపించింది. చివరి పేరాలో, ఆ గోదాము సంగతి బృందానికి ముందే తెలియదా అని కూడా అడిగింది. దీనికి బృందం నాలుగు పేజీల బహిరంగ లేఖ రాసి, ఆ పత్రిక విలేకరితో ఇకపై మాట్లాడబోమని ప్రకటించింది. ఈ స్పందన సబబేనా అన్నది నా ప్రశ్న. నా మటుకు నాకు లేఖలోని కోపం అర్థమైంది గాని, దాని పొడవు అర్థం కాలేదు.

కాలనీ సేవకుడు:
నేను ఆ బృందంలో సభ్యుడిని కనుక నా మాటను ఒక పక్షం వాదనగానే తీసుకోండి. ముందుగా షట్టర్ విషయం. మేము చేరేసరికి అది నడుము ఎత్తు వరకు లేచే ఉంది. గోదాములో పనిచేసే కుర్రవాడు సరుకును బయటికి లాగాలన్న ఆత్రంలో దానిని ఎత్తాడు. మేము పూర్తిగా ఎత్తిన మాట నిజమే, కానీ అప్పటికే బోరు మోటారుకు తగిలించిన గొట్టంలో నీరు వస్తోంది. విలేకరి ఘటనాస్థలానికి రాలేదు, మాలో ఎవరికీ ఫోన్ చేయలేదు, ఎదురింటివారు చెప్పినది విని రాశారు. 2022 మార్చి 23న భోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బీహార్ కార్మికులు తప్పించుకునే దారి లేక చనిపోయిన తరువాత, మన వీధిలో ఇలాంటిది జరిగితే మొదటి పది నిమిషాలు ఎవరు చూస్తారు అన్న ప్రశ్నతో ఈ బృందం పుట్టింది. ఆ పది నిమిషాలు చూసినవారిని ఇప్పుడు దోషులుగా నిలబెట్టారు. లేఖ పొడవుగా ఉందంటే, అబద్ధం ఒక్క వాక్యంలో ఇమిడినా దానికి సమాధానం ఒక్క వాక్యంలో ఇమడదు.

కవాడిగూడ నుంచి:
ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు లేదని మరొకడేడ్చాడట. పత్రికల తీరు అలాగే ఉంది.

పాత నిచ్చెన:
అగ్నిమాపక శాఖలో చాలాకాలం పనిచేసి విశ్రాంతి పొందినవాడిని. షట్టర్ ఎవరు ఎత్తారన్నది పోలీసులకు కావలసిన సంగతి. ఎత్తినప్పుడు ఏం జరుగుతుందన్నది అందరూ తెలుసుకోవలసినది. మూసి ఉన్న గోదాములో మంట గాలి చాలక కుములుతూ ఉంటుంది, వేడి మాత్రం తగ్గదు. అలాంటి చోట షట్టర్ ఒక్కసారిగా పైకి లేస్తే తాజా గాలి అందిన మంట క్షణాల్లో గది మొత్తానికి పాకుతుంది. తగినంత ఒత్తిడితో నీరు కొట్టే గొట్టం సిద్ధంగా ఉన్నప్పుడే తలుపు తీయాలని మాకు మొట్టమొదట నేర్పేది అందుకే. బోరు మోటారు గొట్టంలో వచ్చే నీరు మెట్లు కడగడానికి సరిపోతుంది, పరుపుల గోదాముకు సరిపోదు. మన నగరంలో సాధారణంగా కనిపించే పెద్ద శకటం సుమారు 4,500 లీటర్ల నీటితో, సొంత పంపుతో వస్తుంది. రెండింటికీ పోలికే లేదు.

ఇక శ్వాస పరికరాల సంగతి. పరుపుల్లోని పాలీయురెథేన్ స్పాంజి కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సయనైడు కూడా వెలువడుతుంది. తడి రుమాలు మసిని కొంత ఆపగలదేమో గాని ఈ వాయువులను ఆపలేదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో చనిపోయిన ఆరుగురిని బలిగొన్నది పొగే. మీ యువకులు ముఖానికి తడి గుడ్డలు కట్టుకొని లోపలికి వెళ్లారని మీ లేఖే గర్వంగా రాసుకుంది. నేను మీ పైఅధికారినై ఉంటే ఆ వాక్యానికి అభినందన రాదు, సంజాయిషీ నోటీసు వస్తుంది.

కాలనీ సేవకుడు:
అయ్యా, మీ అనుభవానికి నమస్కారం. కానీ మీరు కూడా షట్టర్‌ను మేమే ఎత్తామన్నట్లు రాశారు. అది అప్పటికే నడుము ఎత్తు వరకు లేచి ఉందని పైన స్పష్టంగా చెప్పాను. సగం తెరిచిన తలుపుకు గాలి అందదా?

పాత నిచ్చెన:
అందుతుంది. పూర్తిగా తెరిస్తే మరింత అందుతుంది.

డెస్క్ మనిషి:
ఒక పత్రికలో ఉపసంపాదకుడిగా చాలా ఏళ్లు పనిచేశాను కనుక పత్రిక వైపు నుంచి కొంత చెబుతాను. జోన్ పేజీకి వార్తలు పంపేవారిలో అధికులు నెల జీతం మీద ఉన్నవారు కారు. ఒక సాయంత్రంలో మూడు నాలుగు వార్తలు పంపవలసిన మనిషి ప్రతి ఘటనకూ వెళ్లలేడు. ఇది సమర్థన కాదు, పరిస్థితి. బృందాన్ని వివరణ అడగకుండా ఆరోపణ ప్రచురించడం ముమ్మాటికీ తప్పే. ఆ తప్పుకు విరుగుడు కూడా పత్రికా సంప్రదాయంలోనే ఉంది. సంపాదకుడికి పది పన్నెండు పంక్తుల ఖండన పంపితే వేయక తప్పని స్థితి వస్తుంది, వేయకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. నాలుగు పేజీల లేఖను ఏ డెస్కూ వేయదు. పైగా విలేకరితో మాట్లాడబోమన్న ప్రకటన వల్ల నష్టపోయేది మీరే, ఎందుకంటే రేపు వారు మిమ్మల్ని అడగకుండా రాసినా, వారే మాట్లాడబోమన్నారు కదా అని తప్పించుకుంటారు.

రాత్రి పాళీ:
లేఖ పూర్తిగా చదివినవారు ఇక్కడ ఎంతమంది ఉన్నారో చెప్పగలరా? నేను రెండో పేజీలో ఆగిపోయాను.

కాలనీ సేవకుడు:
లేఖ చదవకుండా తీర్పులు చెప్పేవారికి నేను సమాధానం ఇవ్వను. డెస్క్ మనిషి గారూ, మీ సలహా మర్యాదగా ఉంది గాని, ఖండనలు లోపలి పేజీలో ఏ మూలన వస్తాయో మీకు నాకన్నా బాగా తెలుసు. ఇంకొక సంగతి కూడా చూడండి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారిని ఆదుకొనేవారికి మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 134ఎ సెక్షను రక్షణ ఇస్తుంది. అగ్నిప్రమాదంలో చేయి అందించినవారికి ఆ సెక్షను వర్తించదు. విపత్తు నిర్వహణ చట్టంలోని రక్షణ ప్రభుత్వం తరఫున పనిచేసేవారికే. ఆ రోజు ఎవరైనా చనిపోయి ఉంటే, మంటను మేమే పెంచామన్న ఈ పత్రికా వార్తను చూపి మామీద నిర్లక్ష్యం వల్ల మరణమంటూ కేసు పెట్టమని అడిగేవారు తప్పక బయలుదేరేవారు. మా పిల్లలు దానికి భయపడుతున్నారు. నాలుగు పేజీలు రాయించింది ఆ భయమే.

తార్నాక పరిశీలకుడు:
ఈ మాట లేఖలో ఉండి ఉంటే నేను ఈ చర్చే ప్రారంభించేవాడిని కాను. అందులో సేవ, త్యాగం అనే మాటలే ఎక్కువగా ఉన్నాయి.

మూడో అంతస్తు:
నేను ఆ భవనంలోనే ఉంటున్నాను. ఇంతవరకు చదివి ఊరుకోలేక రాస్తున్నాను. ఆ రాత్రి బృందం సభ్యులు కిందినుంచి అరుస్తూ అందరినీ మెట్ల మీదుగా దిగి రమ్మన్నారు. అప్పటికే మెట్లదారి నిండా పొగ ఉంది. మా అత్తగారికి డెబ్బై దాటాయి. మొదటి అంతస్తు చేరేసరికి ఆవిడకు ఊపిరి ఆడలేదు, తరువాత ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. నాలుగో అంతస్తువారు ఆ కేక వినపడక తలుపు మూసుకొని, తలుపు కింద తడి దుప్పటి కుక్కి, బాల్కనీలో నిలబడ్డారు. వారిని ఫైరింజన్ సిబ్బంది నిచ్చెనతో దించారు. వారికి దగ్గు కూడా రాలేదు. పత్రిక ఈ సంగతి రాయలేదు, బృందమూ రాయలేదు. షట్టర్ గురించి మాత్రం ఇరువురూ పేజీలకు పేజీలు రాశారు.

పాత నిచ్చెన:
అమ్మా, నాలుగో అంతస్తువారు చేసినదే సరైనది. మెట్లదారిలోకి పొగ చేరిన తరువాత ఎవరినీ దిగమనకూడదు. మన అపార్టుమెంట్లలో మెట్లకు తలుపులు ఉండవు, పొగకు అదే గొట్టంగా మారుతుంది. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర 17 మంది చనిపోయిన ఇంటికి కూడా రాకపోకలకు ఉన్నది ఒక్క ఇరుకు దారే.

కాలనీ సేవకుడు:
అమ్మా, మీ అత్తగారికి కలిగిన బాధకు మేమందరం విచారిస్తున్నాం. కానీ చీకట్లో, కరెంటు తీసేసిన భవనంలో, ఏ అంతస్తులో ఎంత పొగ ఉందో కిందినుంచి ఎవరికి తెలుస్తుంది? జీతం లేకుండా, సొంత పెట్రోలు పోసుకొని, నిద్ర మానుకొని వచ్చినవారిని ఇలా నిలదీస్తే రేపు ఎవరు వస్తారు? మంచం మీదనుంచి లేవనివారిని అడిగేవారు లేరు గాని, లేచి పరుగెత్తినవారు మాత్రం ప్రతి అడుగుకూ లెక్క చెప్పాలా?

మూడో అంతస్తు:
చెప్పాలి. మీరు ఎర్రని చొక్కా వేసుకొని, చేతిలో మైకు పట్టుకొని దిగమన్నారు కనుకనే మేము దిగాము. పక్కింటివారు చెప్పి ఉంటే ఒకసారి ఆలోచించేవాళ్లం. ఆ చొక్కాను నమ్మించినవారు లెక్క చెప్పకపోతే ఎలా?

బోయిన్‌పల్లి పాఠకుడు:
జర్మనీలో అగ్నిమాపక సిబ్బందిలో అత్యధికులు స్వచ్ఛంద సభ్యులే. అక్కడివారికి ఎవరూ ఇలా అడ్డు తగలరు.

పాత నిచ్చెన:
అక్కడ వారు స్థానిక ప్రభుత్వ వ్యవస్థలో భాగం. శిక్షణ, పరికరాలు, ప్రమాద బీమా వారికి చట్టప్రకారం ఉంటాయి. మన దేశంలో దానికి దగ్గరగా ఉన్నవి 1968 చట్టం కింది పౌర రక్షణ దళం, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ప్రారంభించిన, విపత్తుల్లో సాయపడే స్వచ్ఛంద సేవకులకు శిక్షణ ఇచ్చే ఆపద మిత్ర పథకం. మీ బృందంలో ఎవరైనా వాటిలో పేరు నమోదు చేయించుకున్నారా?

కాలనీ సేవకుడు:
లేదు. దరఖాస్తు చేయాలని అనుకున్నాం.

మూడో అంతస్తు:
నా అసలు ప్రశ్న వేరే ఉంది, ఎవరూ దాని దగ్గరికి రావడం లేదు. పత్రిక చివరి పేరాలో అడిగిన ప్రశ్నకు లేఖలో ఒక్క పంక్తి కూడా లేదు. ఆ గోదాము మా పార్కింగ్ స్థలాన్ని గోడకట్టి వేరుచేసి చేసినది. దాని అద్దె మా అసోసియేషన్ ఖాతాకు వస్తుంది. బృందం సామాను ఉంచుకున్న గది, గొట్టాలకు ఖర్చుపెట్టిన సొమ్ము ఆ ఖాతానుంచే వచ్చాయి. అసోసియేషన్‌లో పెత్తనం చేసేవారిలో ఇద్దరు బృందంలో కూడా ఉన్నారు. 2023 నవంబర్ 13న బజార్‌ఘాట్‌లో కింది భాగంలో రసాయనాల డ్రమ్ములు నిల్వచేసిన నివాస భవనం అంటుకొని తొమ్మిది మంది పోయినప్పుడు, ఆ మరుసటి వారమే నేను మా సమావేశంలో లేచి, ఈ పరుపుల సంగతి ఏమిటని అడిగాను. ఆడవాళ్లు అనవసరంగా భయపడుతున్నారని నవ్వారు. నవ్వినవారిలో మీ బృందం సభ్యుడు ఒకరున్నారు. ఆయనే ఆ రాత్రి మైకు పట్టుకున్నారు.

డెస్క్ మనిషి:
ఇది వార్త. ఆ విలేకరి చివరి పేరాలో పెట్టిన సంగతి మొదటి పేరాలో ఉండవలసింది.

కాలనీ సేవకుడు:
ఇది వ్యక్తిగతంగా వెళ్తోంది. బృందానికి ఏ భవనాన్నీ తనిఖీ చేసే అధికారం లేదు. 1999 నాటి అగ్నిమాపక చట్టం ఆ అధికారాన్ని అధికారులకే ఇచ్చింది. 18 మీటర్ల లోపు ఎత్తున్న నివాస భవనాలకు అగ్నిమాపక శాఖ అనుమతి పత్రమే అవసరం లేదు. ప్రభుత్వమే అడగని చోట మమ్మల్ని ఎందుకు అడగలేదంటున్నారు. గోదామును ఖాళీ చేయించాలని మేము పట్టుబడితే అసోసియేషన్ ఆ గది తాళం మా చేతినుంచి తీసుకుంటుంది. అప్పుడు గొట్టం కూడా ఉండదు, మనుషులూ ఉండరు. ఉన్నంతలో మేలు చేద్దామని మేము మౌనంగా ఉన్నాం. అది నేరమైతే నేరమే.

తార్నాక పరిశీలకుడు:
ఇన్ని జవాబుల తరువాత మొదటిసారి అసలు విషయానికి వచ్చాము. మంట వచ్చాక ధైర్యం చూపడానికి ఉన్న బృందమా, మంట రాకుండా నోరు విప్పడానికి కూడా ఉన్న బృందమా అన్నది తేలితే గాని లేఖ మంచి చెడ్డలు తేలవు. సేవకుడు గారు మొదటిదానికే కట్టుబడి ఉన్నారు, మూడో అంతస్తు గారు రెండవది లేకపోతే మొదటిది కూడా వద్దంటున్నారు. తనిఖీ అధికారం లేకపోయినా ఫిర్యాదు చేసే హక్కు ఏ పౌరుడికైనా ఉంది కనుక నేను ఆవిడ పక్షమే.

కవాడిగూడ నుంచి:
నేను పైన చెప్పిన సామెత వెనక్కి తీసుకోను గాని, ఇప్పుడు అది ఎవరికి వర్తిస్తుందో నాకే తెలియడం లేదు.

కాలనీ సేవకుడు:
పత్రిక తప్పు రాసిందన్న మాట మాత్రం ఎవరూ కాదనలేకపోయారు. షట్టర్ విషయంలో సవరణ వేసేదాకా మేము అడుగుతూనే ఉంటాము. మిగిలినది బృందం సమావేశంలో పెడతాను. ఏం తేలుతుందో ఇక్కడ మాట ఇవ్వలేను.

డెస్క్ మనిషి:
సవరణ కోరే ఖండనలోనే, గోదాము గురించి మాకు తెలుసునని ఒక వాక్యం రాయండి. పత్రిక వేస్తుంది.

కాలనీ సేవకుడు:
ఆ వాక్యం నేను రాయలేను. నాకొక్కడికి ఆ అధికారం లేదు.

పాత నిచ్చెన:
మూడో అంతస్తు గారూ, కాలిపోగా మిగిలిన పరుపులు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి?

మూడో అంతస్తు:
మెట్ల కింద, కరెంటు మీటర్ల బోర్డు పక్కన పేర్చారు. గోదాముకు రంగు వేయిస్తున్నారు.

పాత నిచ్చెన:
అయితే లేఖలూ ఖండనలూ తరువాత చూసుకోవచ్చు. ఈ రోజే ఫోటోలు తీసి, తేదీ వేసి, జిల్లా అగ్నిమాపక అధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. ఒక ప్రతిని పురపాలక సర్కిల్ కార్యాలయంలో కూడా ఇవ్వండి, పార్కింగ్‌ను గోదాముగా మార్చడం వారు చూడవలసిన ఉల్లంఘన. సేవకుడు గారూ, వీలైతే ఆ ఫిర్యాదు మీద మీరు కూడా సంతకం చేయండి.