చర్చ: విశ్వవిద్యాలయ సూపర్ కంప్యూటర్‌లో బోధనకు విడిగా వాటా ఉండాలా?

అణుధూళి:
జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ 2015లో రూ. 4,500 కోట్ల అంచనాతో మొదలైంది. దాని కింద ఐఐటీ హైదరాబాద్‌కు పరమ్ సేవ (838 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు), బెంగళూరు ఐఐఎస్‌సీకి పరమ్ ప్రవేగ (3.3 పెటాఫ్లాప్స్, అంటే 3,300 టెరాఫ్లాప్స్) వచ్చాయి. ఇలాంటి యంత్రాల సమయంలో పదో వంతును తరగతులకూ బయటి కళాశాలలకూ కేటాయించాలన్న వాదన ఈ వేదికలో తరచూ వినిపిస్తోంది. నేను దీన్ని వ్యతిరేకిస్తున్నాను. ప్రోటీన్ల కదలికలను పరమాణువు పరమాణువుగా గణించే మా పరిశోధనలో ఒక్కో జాబ్ (యంత్రానికి అప్పగించే గణన) వందల కోర్ల (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాల) మీద రోజుల తరబడి నడవాలి. పలు కంప్యూటర్లు సందేశాలు పంపుకుంటూ ఒకే లెక్క చేసే ఎంపీఐ పద్ధతి నేర్పడానికైతే ప్రయోగశాలలో నాలుగు కంప్యూటర్లు కలిపితే చాలు.

లెక్కల పంతులు:
అణుధూళి గారూ, తరగతి జాబులు మీ జాబును ఆలస్యం చేయనవసరం లేదు. ఒక పెద్ద జాబుకు వంద నోడ్లు (సూపర్ కంప్యూటర్‌లోని విడి కంప్యూటర్లు) కావాలంటే, అవన్నీ ఖాళీ అయ్యేదాకా ముందుగా ఖాళీ అయినవి ఊరికే ఉంటాయి. జాబులకు వంతులు వేసే స్లర్మ్ వంటి షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్ ఆ వ్యవధిలో, పెద్ద జాబు మొదలయ్యేలోపు ముగిసిపోయే చిన్న జాబులను అక్కడ నడిపిస్తుంది. దీన్నే బ్యాక్‌ఫిల్ అంటారు. ఎలాగూ వృథా అయ్యే సమయాన్నే విద్యార్థులు వాడుకుంటారు.

అణుధూళి:
బ్యాక్‌ఫిల్ పనిచేయాలంటే జాబు ఎంతసేపు నడుస్తుందో వాడేవారు నిజాయితీగా రాయాలి. పది నిమిషాల ప్రోగ్రామ్‌కు డెబ్భై రెండు గంటలు అడిగే విద్యార్థులను మా కేంద్రంలో చూస్తూనే ఉన్నాను. అలా అడిగితే షెడ్యూలర్‌కు ఆ జాబు ఏ ఖాళీలోనూ పట్టదు. పైగా కొందరు, అందరూ లోపలికి వచ్చి జాబులు పంపే లాగిన్ నోడ్ మీదే ప్రోగ్రామ్ నడిపేస్తారు, అప్పుడు మిగిలినవారు ఒక ఫైలు కూడా తెరవలేరు.

రాత్రిబండి:
జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) ఉన్న నోడ్లలో ఖాళీలే దొరకవు. దాని గురించి కూడా చెప్పండి.

లెక్కల పంతులు:
తరగతులకు ప్రత్యేక పార్టిషన్ (విడిగా కేటాయించిన నోడ్ల గుంపు) పెట్టి, ఒక్కో జాబుకు ముప్పై నిమిషాల గరిష్ఠ పరిమితి విధించవచ్చు. లాగిన్ నోడ్‌లో ఒక్కొక్కరు వాడే మెమరీకి హద్దు పెట్టవచ్చు. ఇవి నిర్వాహకులు ఒక పూటలో చేయగల ఏర్పాట్లు. వీటిని చూపి విద్యార్థులను గేటు దగ్గరే ఆపడం సరికాదు.

ఓరుగల్లు వాసి:
నేను జిల్లా కేంద్రంలోని కళాశాలలో ప్యారలల్ ప్రోగ్రామింగ్ (ఒకే పనిని అనేక ప్రాసెసర్లకు పంచే విద్య) బోధిస్తాను. సూపర్ కంప్యూటర్ సమయం కోసం ఒక పెద్ద సంస్థకు దరఖాస్తు చేస్తే, అక్కడి ఆచార్యులలో ఒకరు సహ దరఖాస్తుదారుగా ఉండాలన్నారు. ఎందరికో రాశాను, ఒక్కరి నుంచీ జవాబు రాలేదు. నాలుగు కంప్యూటర్లు చాలన్నారు కదా, నాలుగింటి మీద ప్రతి ప్రోగ్రామూ వేగం పుంజుకున్నట్లే కనిపిస్తుంది. అరవై నాలుగు ప్రాసెస్‌ల (ఒకేసారి నడిచే ప్రోగ్రామ్ భాగాల) మీద చక్కగా నడిచినది ఐదు వందల పన్నెండు మీదికి వెళ్లేసరికి, లెక్క కన్నా సందేశాలు పంపుకోవడానికే ఎక్కువ సమయం తీసుకుని నెమ్మదించడం మా పిల్లలు ఎన్నడూ కళ్లారా చూడలేదు. ఈ విద్యలో అసలు నేర్చుకోవలసింది అదే.

ఆస్టిన్ తెలుగు:
అమెరికాలో జాతీయ విజ్ఞాన సంస్థ 1980ల మధ్యలోనే విశ్వవిద్యాలయాలలో సూపర్ కంప్యూటింగ్ కేంద్రాలకు నిధులిచ్చింది. ఇప్పుడు అక్కడ పరిశోధకులకు సూపర్ కంప్యూటర్ల సమయం పంచే యాక్సెస్ కార్యక్రమంలో తరగతుల కోసం, పీజీ పరిశోధక విద్యార్థుల కోసం చిన్న కేటాయింపులు ఉన్నాయి, వాటికి సుదీర్ఘ ప్రతిపాదన అక్కర్లేదు. భారీ గణనలకు మా ఊరి టాక్ (టెక్సస్ విశ్వవిద్యాలయ సూపర్ కంప్యూటింగ్ కేంద్రం)లో ఫ్రాంటెరా అనే యంత్రాన్ని 2019లో వేరుగా నెలకొల్పారు.

అణుధూళి:
అక్కడ ఒకటి కాకపోతే ఇంకొకటి ఉంది. మా విద్యార్థి ఫెలోషిప్ గడువు మాత్రం క్యూ కోసం ఆగదు. నేరుగా అడుగుతున్నాను: మా ప్రతి ప్రాజెక్టునూ ఏటా ఫలితాలు చూసే పొడిగిస్తారు, మీ విద్యార్థులు ఆ యంత్రంతో ఏ ఫలితం చూపిస్తారు?

ఓరుగల్లు వాసి:
ఇంతసేపూ క్యూ గురించి మాట్లాడుకున్నాం కాని, మీ అభ్యంతరం క్యూ గురించి కాదు. మా పిల్లలకు ఆ యంత్రం మీద హక్కు లేదని మీరు అనుకుంటున్నారు. అది ప్రజల పన్నుతో కొన్నది. ఎన్నడూ తాకనివ్వని యంత్రం మీద ఫలితం చూపమని అడగడం అన్యాయం.

అణుధూళి:
హక్కు లేదనలేదు. ప్రజాధనంతో నడిచే ప్రతి గంటకూ ఎవరైనా జవాబు చెప్పాలన్నాను. సమయం అడిగే అధ్యాపకుడు ఏమి నేర్పదలచాడో రాసిస్తే, సెమిస్టర్ చివర నేను స్వయంగా చదివి సమీక్షిస్తాను. కాని శాశ్వత వాటాకు ఒప్పుకోను.

లెక్కల పంతులు:
ఆ సమీక్ష చేసే సంఘంలో సగం స్థానాలు బయటి కళాశాలలవారికి ఇస్తామంటే, వాటా సంగతి ఒక ఏడాది పక్కన పెట్టడానికి నేను సిద్ధం.

అణుధూళి:
సగం కుదరదు. ఆ విద్య తెలిసినవారే కూర్చోవాలి.

ఓరుగల్లు వాసి:
పదేళ్లుగా దాన్నే బోధిస్తున్న నాకు తెలియదని ఎవరు నిర్ణయించారో చెప్పండి. ఆ తర్వాతే మీ సమీక్ష గురించి మాట్లాడతాను.