తెల్ల కంకణానికి ఈకలు కనపడవు, మిరపకాయలు ముద్దవుతాయి: నా తప్పు ఎక్కడ?

గుంటూరు గుమస్తా:

అందరికీ నమస్కారం. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. మొన్న దసరాకి ఒకరు వాడిన కెనాన్ 1500డి కొనుక్కున్నాను, 18–55, 55–250 లెన్సులతో సహా. ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఒక్క పూట కోసం వారమంతా ఎదురుచూసి, తెల్లారకముందే స్కూటర్ తీస్తాను. ఇప్పటికి నాలుగు రకాలు ప్రయత్నించాను. ఒక్కో చోట ఒక్కో తంటా.

ఎక్కువసార్లు వెళ్లింది ఉప్పలపాడు. ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్కులనే కొంగలు పక్కపక్కనే గూళ్లు పెట్టుకుంటాయి. గూడబాతులు బాగానే వస్తున్నాయి, వాటి ఒళ్లు బూడిద కలిసిన తెలుపు కదా. తెల్ల కంకణం అనే పిట్ట దగ్గరే చిక్కు. నల్లటి బోడి తల, నల్లటి వంకర ముక్కు, మిగతా ఒళ్లంతా సున్నం కొట్టినట్టు తెలుపు. ఫొటోలో తల బాగుంటుంది. ఒళ్లు మాత్రం కాగితం కత్తిరించి అతికించినట్టు వస్తుంది, ఒక్క ఈక కనపడదు. కంప్యూటర్లో వెలుగు తగ్గిస్తే తెలుపు బూడిదగా మారుతోంది తప్ప ఈకలు రావడం లేదు.

రెండోది కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయలు. పొద్దున్నే ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతుంటారు. రోజూ నా పుస్తకంలో టిక్కీల (బస్తాల) లెక్కగా కనిపించే సరుకు అక్కడ అంత అందంగా ఉంటుందని కెమెరా కొన్నాకే చూశాను. ఫొటోలో మాత్రం ఎర్రటి ముద్ద. కాయ మీద ముడత లేదు, మెరుపు లేదు. హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) కుడి గోడకి తగలలేదు, అంటే వెలుగు ఎక్కువ కాలేదనే కదా?

మూడోది మంగళగిరిలో మగ్గం. తెలిసినాయన ఒకాయన వాళ్ల బంధువుల ఇంటికి తీసుకెళ్లాడు. గది చీకటి, ఒకే తలుపు. సెన్సర్ వెలుగు పట్టే స్థాయిని, అంటే ఐఎస్‌ఓని, 6400 పెట్టినా ఫొటో గరుకుగా, చేతులు చెదిరిపోయి వచ్చాయి. ఫ్లాష్ వేస్తే ఆ గది గదిలాగే లేదు.

బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రతీరం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అలలు పొగమంచులా రావాలని పదింటికి వెళ్లాను, ఎంత చేసినా అలలు అలల్లాగే ఉన్నాయి.

మూడు వదిలేసి ఒక్కటే పట్టుకోమంటారా, లేక నాలుగింటికీ కారణం ఒకటేనా? దయచేసి విడమరిచి చెప్పండి.

ఫిల్ము రోజులు:

తమ్ముడూ, ఏదీ వదలొద్దు. నేను చాలా ఏళ్లు స్టూడియో నడిపాను. నెగెటివ్ కడిగేదాకా ఏం వచ్చిందో తెలియని రోజుల్లో పని నేర్చుకున్నాను, అందుకే ఈ సంగతి నాకు బాగా తెలుసు. నీ మొదటి రెండు తంటాలకీ మూలం ఒకటే.

కెమెరాకి తెలుపేదో నలుపేదో తెలియదు. ముందున్నదంతా సగటున ఒక నడిమి బూడిదరంగు అనుకుని లెక్క కడుతుంది. నీ ఫ్రేములో కంకణం పిడికెడు. వెనకంతా నల్లపచ్చటి నీళ్లు, తుమ్మ నీడ. చీకటి ఎక్కువుందని కెమెరా షటర్‌ని ఎక్కువసేపు తెరుస్తుంది. నీళ్లు బాగా వస్తాయి, పిట్ట మాడిపోతుంది. సెన్సర్ నిండిపోయిన చోట ఈకల ఆనవాలే నమోదు కాదు, ఇంక కంప్యూటర్ ఎక్కణ్నుంచి తెస్తుంది?

1500డిలో స్పాట్ మీటరింగ్ (ఒక్క చుక్క మేర వెలుగు కొలవడం) లేదు, పార్షియల్ (నడిమి కాస్త భాగం కొలవడం) ఉంది. అది వాడినా ఎగిరే పిట్టతో వేగలేవు. లెక్కలన్నీ నువ్వే పెట్టుకునే మ్యాన్యువల్‌లోకి వెళ్లు. పిట్ట మీద పడే ఎండే గట్టు మీది పచ్చగడ్డి మీదా పడుతుంది. ఆ గడ్డి మీద వెలుగు కొలువు. దానికన్నా ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగు సగం చేసి ఉంచెయ్. పిట్ట నీళ్ల మీంచి ఆకాశంలోకి లేచినా దాని మీది ఎండ మారదు, కాబట్టి నీ లెక్కా మారదు. మబ్బు పట్టినప్పుడు, పొద్దెక్కినప్పుడు మళ్లీ కొలుచుకో.

లెక్క సరిచూసుకోవడానికి మా పాత సూత్రం ఒకటుంది. నిండు ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్ 16 పెడితే (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), ఐఎస్‌ఓ ఎంతో షటర్ సెకనులో అన్నో వంతు. ఐఎస్‌ఓ 100కి సెకనులో నూరో వంతన్నమాట. అదే ఎఫ్ 5.6 దగ్గర 1/800. తెల్లపిట్టకి 1/1600. పొద్దున ఏడింటి ఎండ అంత గట్టిగా ఉండదు, ఐఎస్‌ఓ 400కి పెంచుకో.

మిరపకాయల సంగతి. నువ్వు చూసింది మూడు రంగులూ కలిపిన హిస్టోగ్రామ్. ఆకుపచ్చ, నీలం దాదాపు ఖాళీగా ఉంటాయి, ఎరుపొక్కటే పొంగిపోతుంది, సగటులో ఆ పొంగు కనపడదు. ప్లేబ్యాక్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ ఉంటుంది. అందులో ఎరుపు గోడకి తగలకుండా వెలుగు తగ్గించు. 'రా' (RAW) ఫైలుగా, అంటే సెన్సర్ పట్టిందంతా ఉంచే ఫైలుగా తియ్యి. ఎండ వాలుగా ఉన్నప్పుడు, దానికి ఎదురుగా నిలబడి తియ్యి. ఒక్కో ముడతకీ నీడ పడుతుంది.

మగ్గం ఇల్లు:

అన్నా, మాది మంగళగిరే. మా నాన్నది గుంట మగ్గం. మా ఇంటికి ఫొటోలు తీయడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నిలబడే తీస్తారు. మా నాన్న గుంటలో కాళ్లు పెట్టుకుని నేల మట్టానికి కూర్చుంటాడు. పైనుంచి తీస్తే బట్టతల, భుజాలు తప్ప ఏముంటాయి? మీరు కింద కూర్చోండి. అప్పుడు పడుగు (నిలువు పోగులు) మొత్తం మీ కంటికి ఎదురుగా వస్తుంది, తలుపు వెలుగు పోగుల మీద జారుతూ కనిపిస్తుంది.

చేతులు చెదిరాయని బాధపడ్డారు కానీ నాకైతే అదే అసలు పని. నాడె (పోగుని అటూ ఇటూ తీసుకెళ్లేది) కదలకుండా ఉన్న ఫొటోలో మగ్గం ఆగిపోయినట్టే ఉంటుంది. కెమెరాని స్టాండ్ మీద పెట్టి షటర్ ఇంకా నెమ్మది చేసి చూడండి.

ఒక్క మనవి. పని మధ్యలో "ఇటు చూడండి" అనొద్దు. చూపు తిప్పినప్పుడు పోగు తెగితే అతుక్కుని మళ్లీ లయలో పడేదాకా టైము పోతుంది, మాకు కూలి మూర లెక్కన. వానాకాలం రావద్దు, గుంటలో చెమ్మ ఊరి పనే సాగదు. తీసిన ఫొటో ఒకటి కాగితం మీద వేయించి ఇవ్వండి. ఫోన్లో పంపింది ఎక్కడో పోతుంది.

గుంటూరు గుమస్తా:

రెండు ఆదివారాలు తిరిగొచ్చి రాస్తున్నాను.

మొదటి వారం ఉప్పలపాడు. గట్టు గడ్డి మీద కొలిచి, ఒక స్టాప్ తగ్గించి, ఐఎస్‌ఓ 400, ఎఫ్ 5.6, 1/1600 దగ్గర ఆపాను. 250 దగ్గర ఈ లెన్సు ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. కెమెరా స్క్రీన్ మీద చెరువు నల్లగా కనిపించి గుండె జారింది. ఇంటికొచ్చి పెద్దగా చూస్తే, అన్నా, రెక్క మడిచిన చోట ఈక మీద ఈక, ప్రతిదాని అంచునా సన్నటి నీడ! బోడి తల మీది ముడతలు కూడా తెలుస్తున్నాయి. నల్లబడ్డ నీళ్లే పిట్టని ఇంకా పైకి తెచ్చాయి. రెండొందల పైచిలుకు తీస్తే ఇలాంటివి మూడే. నాకు మూడూ చాలు.

మిరప కళ్లంలో ఎరుపు హిస్టోగ్రామ్ చూస్తూ తగ్గించుకుంటూ పోయాను. ఒక స్టాపు, ఇంకో మూడోవంతు తగ్గించాక కాయలు విడివడ్డాయి. రాశి పక్కన తాలుకాయల చిన్న కుప్ప పాలిపోయి ఉంటుంది, ఆ రెండు రంగుల తేడా ఇప్పుడు ఫొటోలో కూడా ఉంది.

చెల్లెమ్మా, మంగళగిరిలో నేల మీదే కూర్చున్నాను. స్టాండ్ మీద 1/8 సెకను, ఐఎస్‌ఓ 800. పడుగు పోగులు గీతల్లా నిలిచాయి, చెయ్యొక్కటే పొగలా కదిలింది. ఫ్లాష్ తీయలేదు, మాట్లాడలేదు, గంటన్నర ఉన్నాను.

సూర్యలంకకి ఇంకా వెళ్లలేదు.

బాపట్ల ఒడ్డు:

పదింటి ఎండలో కుదరదండీ. ఐఎస్‌ఓ 100, ఎఫ్ 22 పెట్టినా 1/50 దగ్గరే ఆగుతుంది. పైగా ఎఫ్ 22 దగ్గర బొమ్మ మెత్తబడుతుంది. సూర్యోదయానికి ముప్పావుగంట ముందే నీళ్ల దగ్గర ఉండండి. ఎఫ్ 11 దగ్గర సెకన్ల లెక్కన దొరుకుతుంది. ఎండలోనే కావాలంటే ఎన్‌డి ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లటి అద్దం) కొనాలి, మీ రెండు లెన్సులకీ 58 మిల్లీమీటర్లది సరిపోతుంది. స్టాండ్ కాళ్లు ఇసుకలో బాగా దిగనివ్వండి, అల వెనక్కి పోయేటప్పుడు కిందనుంచి ఇసుక లాగేస్తుంది.

గుంటూరు గుమస్తా:

చాలా సంతోషమండీ. ఫిల్టర్ తర్వాత చూస్తాను, ముందు శనివారం రాత్రే బాపట్ల చేరి తెల్లవారుజామున వెళ్తాను.

ఇంకొకటి చెప్పాలి. నిన్న సాయంత్రం మగ్గం ఫొటో ఎనిమిదికి పన్నెండు సైజులో వేయించి, నేసే ఆయనకి ఇచ్చి వచ్చాను. ఆయన తన మొహం వంక చూసుకోలేదు. ఫొటోలో మగ్గం అచ్చు (పోగులు దూరే దువ్వెన లాంటిది) దగ్గర వేలు పెట్టి, పోగులు వరసగా చూసుకుంటూ పోయి ఒక చోట ఆగాడు. "ఇదిగో, ఇక్కడ పోగు తెగింది. ఆ రోజు నాకు తెలియలేదు" అన్నాడు. నేను కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాను. నిజంగానే ఒక పోగు ఖాళీ ఉంది.